టర్బో కారులో లారీ ఆయిల్

మేడ్చల్ హైవే మీద నేను ఆయిల్ దుకాణం నడిపిన రోజుల్లో, ఆయిల్ మంచిదా చెడ్డదా అన్నది వేళ్లే తేల్చేవి. లారీ డ్రైవరు వచ్చి డబ్బా మూత తీయించేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక చుక్క వేసుకుని రుద్ది, వేళ్లు విడదీసేవాడు. తీగ సాగితే "బలమున్నది" అని కొనేవాడు. సాగకపోతే నేనేదో దొంగసరుకు పెట్టినట్టు చూసి పక్క దుకాణానికి పోయేవాడు. నాకూ అంతే తెలుసు. ఎర్ర డబ్బా లారీకి, పచ్చది ట్రాక్టరుకి, నీలంది గేరు పెట్టెకి. డబ్బా మీద ఏం రాసి ఉందో చదవడం రాదు.

నలభై దాటాక మా బస్తీలో సాయంత్రం బడి పెడితే పోయి కూర్చున్నాను. ఈ వయసులో పలకేంటని నవ్వినవాళ్లు ఉన్నారు. నవ్వుకోనిచ్చాను. తెలుగు అక్షరాలు అక్కడ వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రం దుకాణంలో డబ్బాలు ముందేసుకుని నేర్చుకున్నాను. చదవడం వచ్చాక డబ్బా కొనడానికి వచ్చినవాళ్లతో నా కొట్లాటలు పెరిగాయి. అంతకుముందు వాళ్లు చెప్పింది వినేదాన్ని.

దుకాణం పక్కనే రేకుల షెడ్డు. అందులో మా చెల్లెలి కొడుకు లారీ ఇంజన్లు విప్పేవాడు. పెళ్లయి, ఇద్దరు పిల్లలున్నవాడు. చేతిపని మంచిది, నోటిపని తక్కువ. రోడ్డు వెడల్పు చేశాక లారీలు మా ముందు ఆగడం మానేశాయి, కొత్త లారీలన్నీ కంపెనీ షెడ్లకే పోయేవి. అటు కొంపల్లిలో, పేట్ బషీరాబాద్‌లో చూస్తే ఇంటింటికీ కారు వస్తోంది. కార్ల పని దొరికితే షెడ్డు నిలుస్తుంది. దొరకకపోతే షెడ్డు మూసి, మళ్లీ టిప్పరు ఎక్కాలి. టిప్పరు తోలిన కాలంలో వాడి నడుము పాడైంది. ఎక్కలేడని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఇంట్లో ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

అలాంటప్పుడు మా షెడ్డు ముందు ఒక కారు పొగలు కక్కుతూ ఆగింది. రెండే తలుపులున్న పాత జపాను కారు. నడుపుతున్నది ఒక ఆడపిల్ల. యాప్రాల్‌లో ఉంటుంది, నాన్న మిలిటరీలో చేసి రిటైరయ్యాడు, తను కంప్యూటర్ ఉద్యోగం. మావాడు బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు.

"పిస్టన్ రింగులు పోయినయ్ మేడం. ఇంజన్ పోలే."

"సికింద్రాబాద్‌లో అందరూ ఇంజన్ మొత్తం మార్చాలన్నారు."

"ఆళ్లు మారుస్తరు. నేను బాగు జేస్త."

కారు ఇంజను వాడు అంతకుముందు విప్పలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పాడు కూడా. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి తాళాలు చేతిలో పెట్టింది. కారులో టర్బో ఉందని అప్పుడే చెప్పింది. ఇంజన్ వదిలే పొగ జోరుతో గిర్రున తిరుగుతూ లోపలికి గాలి తోసే చిన్న పంకా అది. దానికి ఆయిలే ప్రాణం. మరో ముఖ్యమైన మాట కూడా చెప్పింది. శామీర్‌పేట దాటాక ఒక వెంచర్‌లో, ఇళ్లు ఇంకా లేవని, తారు రోడ్లు మాత్రం కొత్తగా పడ్డాయని, యజమానిని అడిగి స్పీడు బండ్ల వాళ్లంతా ఒక ఆదివారం పొద్దున అక్కడ పందెం పెట్టుకుంటున్నారని. ఆ రోజుకు కారు తయారు కావాలి.

"అక్కడికి ఎంతమంది కార్లోళ్లొస్తరు?" అని అడిగాను నేను.

"చాలామంది, ఆంటీ."

మావాడు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. ఆ కారు అక్కడ బాగా ఉరికితే షెడ్డు ముందు కార్లు నిలబడతాయి. పందెం నడుమ ఇంజన్ పగిలిందా, ఆ కథే కొంపల్లి దాకా పోతుంది.

రింగులు మార్చి, పిస్టన్లు ఆడే గొట్టాలకు బోరు పని చేయించి, ఇంజన్ మళ్లీ కూర్చోబెట్టిన రోజు మేడం సిటీ నుంచి ఒక సింథటిక్ ఆయిల్ డబ్బా తెచ్చింది. మావాడు మూత తీసి, అలవాటు కొద్దీ రెండు వేళ్ల నడుమ చుక్క వేసి రుద్దాడు. తీగ లేదు, ఏమీ లేదు.

"గిదేంది మేడం, నీళ్ల లెక్కున్నది?"

"పల్చగా ఉండేలాగే చేస్తారు. మామూలు ఆయిల్ టర్బో వేడికి కాలి బొగ్గయిపోతుంది. ఇది తట్టుకుంటుంది."

"కొత్త రింగులు బోరుకు రాసుకోవాలె, అరిగి కుదురుకోవాలె. గింత జారుడుగుంటె అవి ఎట్ల కుదురుతయ్?"

"అదేం మాట? ఖరీదైన ఆయిల్ పోస్తే పాడవుతుందా?"

ఇద్దరూ గొంతులు పెంచారు. నేను గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాను.

"ఇద్దరిదీ నిజమే గదా, కొట్లాడేదేముంది? ముందుగాల మామూలుది పొయ్యి, మెల్లగ తిప్పు. రింగులు కుదిరినంక అది తీసేసి నీ నీళ్లు పొయ్యి బిడ్డా."

ఇందులో నా తెలివేమీ లేదు. బోరు పని చేసిన లారీని కొన్నాళ్లు ఖాళీగా తోలి, ఆ మొదటి ఆయిల్ తీసి పారేయడం మా రోడ్డు మీద అందరూ చేసేదే. మేడం ఎవరికో ఫోన్ చేసి మాట్లాడింది. వాళ్లూ అదే అన్నట్టున్నారు, పెట్టేసి "సరే" అంది. మామూలు ఆయిల్ పోసి, రోజూ పొద్దున మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువు కట్ట దాకా పోయి రావడం మావాడి పని. ఎంత మెల్లగా తోలేవాడంటే సైకిలు మీద పాలు పోసేవాళ్లు దాటిపోతూ వెక్కిరించేవాళ్లు. పొగ తగ్గింది, తర్వాత అసలే లేదు. అప్పుడు ఆ ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, సింథటిక్ పోశాడు. ఇంజను చప్పుడు మారింది. మెత్తగా, తొందరలేనట్టుగా తిరిగింది. మావాడు ఇంటికి పోకుండా దాని పక్కనే నిలబడి విన్నాడు.

పందెం ముందు శనివారం మధ్యాహ్నం, ఎర్ర డబ్బాల వరసలో ఖాళీ కనబడింది.

"ఎర్ర డబ్బా ఎవరు దీస్కపోయిండ్రు రా? నీ షెడ్డుల లారీ లేదు గదా?"

వాడు పానా తుడుస్తూనే ఉన్నాడు. "ట్రాక్టరొచ్చింది..."

"ట్రాక్టరుకు పచ్చది. నాకు సదువు రానప్పుడే ఎర్క గది."

పానా కింద పెట్టాడు. "మేడం కారుల పోసిన పెద్దమ్మా."

"ఎందుకు రా?"

"వారం గాలే, నల్లగయింది. పల్చగైతె ఎట్లనో పల్చగుండె, ఇగ నల్లగ గూడయింది. రేపు మస్తు జోరుగ ఉరుకుతది. బలం లేకుంటె ఎట్ల? జర బలానికి పోసిన."

"ఏం, బండికి నీరసమొచ్చిందా, టానిక్ పోస్తివి?"

వాడు నవ్వలేదు. "రేపొక్కపూట నడుస్తది. నడిచినంక నేనే తీసేస్త. గిప్పుడు చెప్తె ఇగ కార్లోళ్లు మన మొకం జూడరు."

"పగిలితె జూస్తరా? నువ్వు ఫోన్ జెయ్యి. నువ్వు జెయ్యకుంటె నేను జేస్త."

దుకాణంలో ఫోను నా గల్లా పక్కనే ఉండేది. వాడు దాని ముందు నిలబడి చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు. చివరికి నంబరు నొక్కాడు. మాట్లాడిందల్లా రెండు ముక్కలు.

చీకటి పడేలోపే మేడం వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"లారీ ఆయిలా?"

"అవును మేడం."

"నల్లబడితే పాడైనట్టు కాదు భయ్యా. పాత ఇంజన్ కదా, లోపల పేరుకున్న మసిని కడుగుతోంది. కడిగితే నల్లబడదా? నువ్వు పోసింది చిక్కటిది. పొద్దున చల్లటి ఇంజన్లో అది టర్బో దాకా పోయేసరికి టర్బో అరిగిపోతుంది."

"నాకు ఎర్క లేదు మేడం."

"నన్ను అడగొచ్చు కదా!"

నేను వాడిని వెనకేసుకు రాలేదు. అడగాల్సిందే. మా రోడ్డు మీద మెకానిక్ బండివాడిని అడిగితే చిన్నతనం, అందుకే అడగలేదు. అంతకంటే వేరే కారణం ఏమీ లేదు.

సింథటిక్ డబ్బా ఇంకొకటి లేదు. సిటీకి పోయేసరికి స్పేరు దుకాణాలు మూసేస్తారు, ఆదివారం ఎలాగూ బందు. మేడం దుకాణంలోకి వచ్చి నా అరలు చూసింది. నేను కార్ల కోసం పెట్టిన మామూలు ఆయిల్ ఒకటి తీసి, దాని మీద అంకెలు చదివి వినిపించాను. ఆమె తీసుకుని తనూ చదివింది.

"ఒక్కరోజుకు ఇది చాలు. కానీ పరుగు కాగానే ఇంజన్ ఆపకూడదు. ఊరికే తిరగనివ్వాలి, టర్బో చల్లబడే దాకా. వేడి మీద ఆపితే ఈ ఆయిల్ అక్కడే మాడిపోతుంది. సోమవారం సింథటిక్ తెస్తాను, మళ్లీ మారుద్దాం."

"అయితె రేపు పోతున్నరా?" అన్నాడు మావాడు.

"పోతున్నాం. నువ్వు కూడా వస్తున్నావు."

మావాడు అప్పుడే కారు కింద దూరి ఆయిల్ ఛాంబర్ నట్టు విప్పాడు. కలిసిన ఆయిలంతా దిగింది. మొత్తం కారేదాకా కదలకుండా అక్కడే పడుకున్నాడు.

ఆదివారం నేనూ పోయాను. వెంచర్ అంటే తెల్లరాళ్లు పాతిన ప్లాట్లు, పేరు రాసిన కమాను, దానికి ఆవల ఎటు చూసినా నల్లని ఖాళీ రోడ్లు. మేకలు మేపేవాళ్లు ఒక పక్కకు చేరి చూస్తున్నారు. కార్లవాళ్లంతా మగపిల్లలే. మా కారు ఆగగానే ఒకడు కేక వేశాడు.

"లారీ షెడ్డు బండి వచ్చింది! వెనక 'హారన్ కొట్టు' అని రాయించలేదా?"

"నీ బండి ఎనక ఏం రాయిస్తవో జూద్దం, ముందు దాటిపో," అన్నాను నేను. మిగతావాళ్లు నవ్వారు.

మేడం కారు మొదటిసారి పోయి వచ్చింది. మావాడు బండిని చూడటం లేదు, వెనక పొగ కోసం చూస్తున్నాడు. పొగ లేదు. రెండోసారి ఇంకా జోరుగా పోయింది. తిరిగి వచ్చి ఆగిన ఉత్సాహంలో మేడం చెయ్యి తాళం మీదికి పోయింది.

"బందు జెయ్యకుర్రి మేడం! బందు జెయ్యకుర్రి!" అంటూ మావాడు ఉరికాడు. నడుము సంగతి మరిచిపోయి ఉరికాడు. మేడం నాలుక కరుచుకుని చెయ్యి తీసేసింది. ఇంజను మెల్లగా తిరుగుతూ ఉండిపోయింది. వాడు బానెట్ మీద అరచేయి పెట్టి నిలబడ్డాడు.

కారు అన్ని పరుగులూ పూర్తి చేసింది. అందరికంటే ముందేమీ రాలేదు. కానీ ముందొచ్చిన కార్లలో ఒకటి చివరి పరుగుకు ఆవిరి వదిలి పక్కకు నెట్టించుకుంది. మాది నెట్టించుకోలేదు. ఇందాక హారన్ అని కేక వేసిన పిల్లాడు వచ్చి, ఇంజన్ ఎవరు చేశారని అడిగాడు.

"ఈయనే," అంది మేడం. "నిన్న ఇందులో లారీ ఆయిల్ కూడా కలిపాడు."

మావాడు తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది, ఇక్కడ చెప్పాలా అని.

"తర్వాత తనే ఫోన్ చేసి చెప్పాడు. లేకపోతే నాకు తెలిసేదే కాదు."

ఆ పిల్లాడు మావాడిని పైనుంచి కింది దాకా చూశాడు. "నేను బండి ఇచ్చే చోట ఇప్పటిదాకా ఒక్కడు కూడా తన తప్పు చెప్పలేదు. తప్పంతా నా డ్రైవింగ్‌దే అంటారు. మేడ్చల్‌లో ఎక్కడ మీ షెడ్డు?"

సోమవారం మేడం సింథటిక్ డబ్బాతో వచ్చింది. ఆయిల్ మార్చుకుని, అడిగి మరీ ఆయిల్ కొలిచే గేజు కడ్డీ చూపించుకుని పోయింది. మధ్యాహ్నం ఆ పిల్లాడు తన తెల్ల కారు తెచ్చాడు. అది మరీ నేలబారుది. షెడ్డు ముందు మురికికాలవ మీద పరిచిన మోరీ బండ దగ్గర కడుపు తగిలి ఆగిపోయింది. కారులో నుంచే అడిగాడు, "భయ్యా, దీనికి సింథటిక్ పోయాలా, మామూలుదా?"

"ఎన్నేండ్ల బండో, లోపలేమున్నదో సూడకుంట ఎట్ల జెప్త సార్? ముందుగాల బండిని లోపలికి రానియ్యి."

మావాడు తట్ట తీసుకుని నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా, ఎనక మొరం ఉన్నది గదా? జల్దీ పట్టు, ఈడ ఏటవాలు చేద్దం. ఇగ గిసొంటివే వస్తయ్."

నేను దుకాణం వదిలేసి రెండో తట్ట పట్టుకున్నాను.