తూర్పుకు నడిచిన గుడ్డ

జగ్గయ్యపేట దగ్గర, హైవే పక్కన రేకుల షెడ్డులో సిలార్ లారీ పట్టాలు కుడతాడు. ముక్త్యాల నుంచి సిమెంటు మోసే లారీల మీద కప్పే మందపాటి పట్టాలవి. అవి చిరగడం, ఆయన అతుకు వేయడం, పెళ్ళినాటి నుంచీ ఇదే పని. భార్య రహీమాబీ పక్కన కూర్చుని అంచులు మడిచి ఇస్తుంది. సముద్రం ఆ ఇద్దరూ చూడలేదు. చూడాలని తోచనూ లేదు.

మార్చి నెలలో ఒకరోజు షెడ్డు ముందు కారు ఆగింది. దిగినమ్మాయి పేరు ఆమని. సొంతూరు నందిగామ, ఉద్యోగం హైదరాబాదులో సముద్రాల మీద పరిశోధన చేసే ఆఫీసులో. చేతిలో నైలాను గుడ్డ చుట్ట, ఒక బొమ్మ గీసిన కాగితం ఉన్నాయి.

“బాబాయ్ గారూ, దీన్ని పొడుగాటి గొట్టంలా కుట్టాలండి. నీళ్ళెటు పోతున్నయ్యో తెలుసుకోడానికి సముద్రంలో ఒక బంతి వదుల్తాం. బంతి పైన తేల్తుంది, గొట్టం దాని కింద లోతులో వేలాడుతుంది. తెప్పించినవి దార్లో పాడైపోయినయ్. ఓడేమో బయల్దేరబోతోంది.”

“బంతికి గుడ్డెందుకమ్మా?”

“ఉత్త బంతైతే గాలికి కొట్టుకుపోద్ది. ఈ గొట్టం ఉంటే లోపలి నీళ్ళని పట్టుకుని, నీళ్ళెటు పోతే అటే పోద్ది.”

సిలార్ శ్రద్ధగా కుట్టాడు. బొమ్మలో గొట్టం పొడవునా గుండ్రాలున్నాయి. అతుకులు కాబోలనుకుని, గుండ్రం ఉన్నచోటల్లా ఒక అతుకు వేసి జంట కుట్టుతో బిగించాడు. మళ్ళీ వచ్చిన ఆమని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“బాబాయ్ గారూ, అవి చిల్లులండీ! కాసిని నీళ్ళు వాటిలోంచి పోతుంటేనే గొట్టం ఊగకుండా నిలబడేది.”

సిలార్ తను వేసిన అతుకు మీద వేలు పెట్టాడు. “చిల్లు కనబడితే పూడుస్తా గానీ, మంచి గుడ్డకి చిల్లు పెట్టడం నా చేతికి రాదమ్మా.”

“నాకొచ్చు, ఇటివ్వండి” అంది రహీమాబీ, కత్తెర అందుకుంటూ.

ఆమె కోసింది, ఆయన అంచులు కుట్టాడు. అయ్యాక గొట్టాన్ని షెడ్డు దూలానికి కట్టి చూశారు. రోడ్డు మీద గాలి దూరి అది మెల్లగా ఉబ్బింది, మెల్లగా తగ్గింది. నిద్రపోతున్న గొడ్డు పొట్టలా ఉంది.

“నీళ్ళు నిజంగా నడుస్తాయా పాపా?” అడిగింది రహీమాబీ.

“గాలే నడిపిస్తుంది పిన్నిగారూ. భూమి నడుం చుట్టూ ఒక గీత అనుకోండి. వేరేచోట్ల భూమి తిరుగుడుకి నీళ్ళు గాలి దారి తప్పి పక్కకి ఒరుగుతయ్. ఆ గీత మీద ఒరగవు. మన సముద్రంలో వానలకి ముందోసారి, దీపావళి రోజుల్లో ఇంకోసారి అక్కడ పడమటి గాలి వీస్తుంది. అప్పుడు పైనీళ్ళు ఏరులాగా తూర్పుకి పరిగెడతయ్. గాలి మారితే ఆ పరుగూ తగ్గుద్ది. మన బంతి వదిలేది అక్కడే.”

“సముద్రంలో ఏరా!” రహీమాబీ కళ్ళు పెద్దవి చేసింది.

మే నెలలో ఆమని సిలార్ ఫోనులో ఒక పటం పెట్టింది. నీలం మధ్యలో ఎర్ర చుక్క. వాళ్ళ గొట్టం మోస్తున్న బంతి తానున్న చోటు నుంచి పంపే సిగ్నలే అది. పొద్దున చూస్తే ఒకచోట, మర్నాటికి ఇంకాస్త తూర్పున. ఇక్కడ షెడ్డు మీదుగా పడమటి వడగాలి రేకుల్ని దడదడలాడిస్తోంది. మధ్యాహ్నం నమాజు ముగించి సిలార్ పట్టాల గుట్ట మీద వాలేవాడు. కళ్ళు మూస్తే గుట్ట కదిలినట్టుండేది. కింద ఎక్కడో చల్లని చీకటి నీళ్ళలో తన గుడ్డ నిలువునా వేలాడుతూ, చప్పుడు లేకుండా తూర్పుకు నడుస్తున్నట్టుండేది.

“ఈ గాలేనామ్మా దాన్ని తోసేది?” అని ఫోనులో అడిగాడు.

“కాదు బాబాయ్ గారూ, ఆ గాలి వేరు” అంది ఆమని నవ్వుతూ. అయినా ఆ వేసవి ఆయన వడగాలిని తిట్టలేదు.

వానలు పడేసరికి చుక్క సుమత్రా దీవి వైపు చేరి నెమ్మదించింది. కొన్నాళ్ళు అక్కడక్కడే తచ్చాడి, దక్షిణానికి ఒరిగింది. శ్రావణంలో ఒక పొద్దున పటంలో చుక్క లేదు. సిలార్ చేతిలో సూది పక్కన పెట్టి ఆమనికి ఫోను చేశాడు.

“బ్యాటరీ అయిపోయుంటుంది బాబాయ్ గారూ.”

“గుడ్డ ఊడిందేమో?”

“లేదండీ. చివరిదాకా కిందే ఉన్నట్టు సిగ్నల్ వచ్చింది.”

ఆయన ఆ మాట రహీమాబీకి చెప్పాడు. తర్వాత చాలాసేపు ఇద్దరూ పనిలో చెయ్యి పెట్టలేదు. పట్టా కోసం వచ్చిన డ్రైవరు రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఆ ఆదివారం షెడ్డు మూసి, విజయవాడలో బస్సు మారి బందరు వెళ్ళారు. అక్కణ్ణించి ఆటోలో సముద్రం దగ్గరికి. రహీమాబీ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది.

“మన బంతి ఇటేమన్నా వస్తదా?”

“రాదంట. అది చాలా దూరమంట.”

అల వెనక్కి పోతూ సిలార్ మడమల కింది ఇసుకను లాగింది. ఆయన తూలి భార్య భుజం పట్టుకున్నాడు. “లాగుతోందే!” అన్నాడు ఆశ్చర్యంగా.

“లాగనీయండి” అంది రహీమాబీ. ఆటో అతను హారన్ కొట్టేదాకా అక్కడే నిలబడ్డారు.