బహుమతి చెంబు

నీళ్లాఫీసు సూపరింటెండెంటు కోదండపాణి ఉద్యోగంలో ఒక్క మచ్చ లేదు. సంతకం పెడితే కదా మచ్చ పడేది! ఏ ఫైలు వచ్చినా ‘తమ ఆదేశాల కోసం’ అని రాసి పై అధికారికి తోసేవాడు. అది పైన కొన్నాళ్లు విశ్రమించి, ‘వచ్చి మాట్లాడండి’ అన్న ముక్కతో దిగివచ్చేది. ఈయన వెళ్లి మాట్లాడేవాడు. ఏం మాట్లాడుకునేవారో గాని, ఫైలు మళ్లీ పైకెక్కేది.

తొంభైల మొదట్లో, మద్రాసంతా బిందెలు పట్టుకుని లారీల వెంట పరుగెత్తుతున్న ఎండల్లో, ప్రభుత్వం ఇలాంటి వాళ్లందరినీ శిక్షణకు పంపింది. చల్లటి గది, మెత్తటి కుర్చీ, పదకొండు గంటలకు వేడి వడ. ఢిల్లీ నుంచి దిగిన మేష్టారు చెప్పింది రెండే ముక్కలు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. మీ చేతిలో ఉన్న పని మీరే తేల్చండి.

ఆఖరి రోజు నాటకం వేయించారు. కోదండపాణిది అర్జీదారు వేషం. మా సందుకు నీళ్ల తొట్టి పెట్టించండి సామీ, మోకాళ్లు అరిగిపోతా ఉండాయి అని ఆయన ఏడిస్తే మేష్టారు కూడా కళ్లు తుడుచుకున్నారు. మొదటి బహుమతిగా ఎవర్‌సిల్వర్ స్టీలు చెంబు ఇచ్చారు. ఆ ఏడుపు మద్రాసు శివారు మనలిలో ఇడ్లీలమ్మే చెంగమ్మదని ఎవరికీ తెలియదు. ఏడాదిగా ఆమె వచ్చి ఏడుస్తుంటే విని విని ఆయనకు కంఠతా వచ్చేసింది.

సోమవారం ఆ చెంగమ్మే వచ్చింది. కోదండపాణి లేచి కుర్చీ వేశాడు. తన వెనక పెద్దవాళ్లెవరైనా వచ్చారేమోనని ఆమె తిరిగి చూసింది. తనకేనని తెలిశాక అంచు మీద కూర్చుంది. ఆయన బహుమతి చెంబుతో నీళ్లిచ్చి ఫైలు తెరిచాడు. తొట్టి గోడౌనులోనే ఉంది. తన సంతకం చాలు. ముసలామెను చూస్తే నిజంగానే జాలేసింది, కలం మూత తీశాడు. ఆ సందుకిచ్చి ఈ సందుకెందుకివ్వలేదని రేపు ఎవరైనా అడిగితే? చెయ్యి పాత దారినే పోయి ‘తమ ఆదేశాల కోసం’ అని రాసేసింది.

“పెద్దసారు వస్తానే అయిపోతాదవ్వా,” అన్నాడు.

“యాడికి పోయినాడు?”

“శిక్షణకి.”

చెంగమ్మ చెంబు వంక చూసింది.

“ఈ నీళ్లు ఇచ్చేదానికి ఎవుర్ని అడిగినావు నాయనా?”

“ఎవుర్నీ అడగలేదవ్వా.”

“మరి మా తొట్టీ అట్లనే ఇచ్చేయరాదా?”

కోదండపాణికి తల కొట్టేసినట్టయింది. ఆమె మిగిలిన నీళ్లు తన సీసాలో వంచుకుని, చెంబు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఫైలు పైకి వెళ్లింది.