వాడంతా పీల్చిన పంపు

పిల్లల డాక్టరు కావాలంటే పిల్లలంటే ఇష్టం ఉంటే చాలనుకుని ఈ చదువులో చేరాను. పిల్లలతో పాటు వాళ్ల అవ్వలు కూడా వస్తారని నాకెవరూ చెప్పలేదు. మెదక్‌లో ట్రైనింగు మొదలైన కొత్తలోనే నా ఓపికంతా ఒక్క అవ్వ దగ్గర ఖర్చయిపోయింది.

ఆమె మనవరాలికి ఆస్తమా. పిల్ల తల్లిదండ్రులు మనోహరాబాద్ వైపు కంపెనీలో షిఫ్టులకు పోతారు కాబట్టి దాన్ని చూసుకునేది అవ్వే. ఆమె బీడీలు చుడుతుంది. పొగాకు దుమ్ము పిల్లకు పడదని చెబితే మర్నాటి నుంచే చాట పట్టుకుపోయి వేరేవాళ్ల అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. మాట వినే మనిషి దొరికిందని సంబరపడ్డాను. ఆయాసం వచ్చినప్పుడు కొట్టమని ఇన్‌హేలర్ ఇచ్చాను. ఆమె దాన్ని పంపు అంటుంది. ప్లాస్టిక్ గొట్టానికి ఎలా తగిలించాలో, మూతికి మాస్కు ఎలా ఆనించాలో చూపించాను. ఆమె తిరిగి నాకు చేసి చూపించింది. పరీక్షలో నేనంత నీటుగా చేస్తే పాసైనట్టే.

కొన్నాళ్లకు పిల్ల ఎగపోసుకుంటూ వచ్చింది. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి, మాట రావడం లేదు. నెబ్యులైజర్ పెట్టి, అది కాస్త తేరుకున్నాక పంపు అడిగి తీసుకున్నాను. ఖాళీ. నెలలు రావాల్సిన మందు అప్పుడే ఎట్లా అయిపోతుంది?

అడగ్గా అడగ్గా నిదానంగా బయటపడింది. పక్కింటి బాబు దగ్గుతున్నాడని వాడికి కొట్టింది. ఎదురింటి పిల్లకు జలుబు చేసిందని దానికీ కొట్టింది. మూలింటి ముసలాయనకు నాలుగడుగులు వేస్తే దమ్మొస్తుందని ఆయనకు కూడా. ఒకరింట్లో వండిన కూర గిన్నెలో పడి నాలుగిళ్లు తిరిగినట్టు నా పంపు వాడంతా తిరిగింది. మాస్కు మాత్రం ప్రతిసారీ సబ్బుతో కడిగిందట. కడగమని నువ్వే చెప్పావు కదా అని గుర్తు కూడా చేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అది జలుబు మందు కాదని, అందరికీ ఒకే మందు పనికిరాదని, అవసరానికి ఖాళీ డబ్బా మిగిలితే పిల్ల ప్రాణం మీదికొస్తుందని వార్డంతా వినిపించేలా చెప్పాను. అవ్వ అంతా విని ఒక్కటే అడిగింది.

"పిల్లగాడు దగ్గుతుంటే, మందు కొంగుల కట్టుకోని సూస్కుంట ఎట్ల కూసుంటరు బిడ్డా?"

"గట్లనే కూసో అవ్వా. నీ మనవరాలు బతకాల్నా వద్దా?"

ఆమె పిల్ల కాళ్లు దుప్పటితో కప్పింది. ఇక ఎవరికీ ఇవ్వనని చెప్పింది. కొత్త పంపు ఇచ్చి పంపాను.

ఆ రోజు రూముకు పోయాక కూడా చిరాకు తగ్గలేదు. నా లావుపాటి పుస్తకంలో ఆస్తమా మీద బోలెడు పేజీలున్నాయి, ఒక్కదాంట్లో కూడా వాడ గురించి లేదు. నిర్లక్ష్యం చేస్తే తిట్టొచ్చు. అబద్ధమాడితే తిట్టొచ్చు. మంచితనాన్ని ఏమని తిట్టాలి?

తర్వాత ఒక మధ్యాహ్నం, ఓపీ మూసే వేళకు అవ్వ మళ్లీ వచ్చింది. చంకలో మనవరాలు కాదు, పక్కింటి బాబు. పెదవులు నల్లబడి తల వాల్చేశాడు. ఈసారి వాడిది ఉత్త దగ్గు కాదు. ఆక్సిజన్ పెట్టి, మందు పట్టించి, వాడు గట్టిగా ఏడ్చేదాకా నాకు కూడా ఊపిరాడలేదు. పిల్లలు ఏడిస్తే అంత హాయిగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. ఎప్పటినుంచి ఇలా ఉందని అవ్వను గద్దించాను.

"పొద్దుగాల్నే పట్టింది. వాళ్లమ్మ కూలికి పోయింది. ఆటో దొరికేసరికి గింత సేపైంది."

"మరి పంపు?"

"ఇయ్యద్దంటివి గద. ఇయ్యలే."

కొంగు ముడి విప్పింది. కొత్త పంపు తీసి నా టేబుల్ మీద పెట్టింది.

"ఇది నీ దగ్గర్నే ఉంచుకో బిడ్డా. సూస్కుంట కూసునుడు నాతోని గాదు."

నాకు ఆమె మీద కోపం వచ్చింది, నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. పంపు ఇక్కడ పెట్టి పోతే మనవరాలి గతేమిటి? పట్టుకుపోతే వాడ ఊరుకుంటుందా? అవ్వ వాకిలి వైపు తిరిగింది. లేచి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. మనవరాలి పంపును మళ్లీ ఆమె కొంగులో నేనే ముడివేశాను. బాబుకు వేరేది తెప్పించి చేతిలో పెట్టాను.

"గిట్ల ఎగపోస్తుంటె ఇయ్యి అవ్వా. ఎవరికైనా సరే. ఇచ్చుకుంటనే ఇటు తోల్కరా."

"అందర్నా?"

"అందర్ని."

మర్నాడు పొద్దున ఓపీ తలుపు తీసేసరికి బెంచీ మీద అవ్వ, ఆమె పక్కన ఎదురింటి పిల్ల, ఆ పక్కన మూలింటి ముసలాయన కూర్చుని ఉన్నారు. ముసలాయనను పిల్లల డాక్టరు చూడదని అవ్వకు ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి స్టెతస్కోపు తీసి ఆయన వీపుకు ఆనించాను.