యాదయ్య చెవికి నచ్చిన బుల్‌డాగ్ పిల్ల

ఈ రోజు బుల్‌డాగ్ పిల్లను తెచ్చుకుందామని తెల్లాపూర్ వెళ్లాను. తోడుగా మా పటాన్‌చెరు ఫ్యాక్టరీ ఫిట్టర్ యాదయ్య వచ్చాడు. అమ్మే ఆయన దగ్గరున్న పిల్లల్లో ఒకదానికి పెద్ద తల, అణిగిన ముక్కు, మొహం నిండా ముడతలు. నెట్‌లో చదివినవన్నీ ఉన్న ఆ పిల్లను నేను ఎత్తుకున్నాను. మోటారుకు స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడికి చెవి పెట్టి లోపలి బేరింగ్ అరిగిందో లేదో చెప్పే యాదయ్య, అక్కడున్న మూడు పిల్లల ఛాతీలకూ చెవి ఆనించాడు.

"ముడతలు సూసి మురుస్తున్నవా సార్? ఇది మెలకువల్నే గురక వెడ్తున్నది. ముక్కు రంధ్రాలు సూడు, గీతల లెక్కున్నయి. గా మూలకున్నదాన్ని తీస్కో, ఊపిరి సాఫ్‌గ ఆడుతున్నది."

అమ్మే ఆయన నోరెళ్లబెట్టాడు. "పొద్దున డాక్టర్ గూడ గిదే చెప్పిండు!"

యాదయ్య బుల్‌డాగ్‌ను చూడటం ఇదే మొదటిసారట.

ఇంటికొచ్చాక, తెచ్చుకున్న ఆ మూల పిల్ల ఛాతీకి నేనూ చెవి ఆనించాను. నాకు ఫ్యాన్ చప్పుడే వినిపించింది. మీకైనా అలాంటి చెవి ఉందా?