పదిహేడు గుంతలు, రెండు మెషిన్లు

చాయ్ తాగుకుంటనే ఇనుండ్రి. నేను జేసిన ఘనకార్యానికి మా లైన్ల రూములన్నిటికీ రెండు దినాలు నల్లా నీళ్లు రాలే. అందరు దానికే తిడుతున్నరు. అసలు తప్పు అది గాదు. అసలుది ఇంటే మీరు నా పక్కన గూడ కూసోరు!

మా రాజేశమన్న సంగతి ఇది. మాదొకటే ఊరు, జగిత్యాల దిక్కు. ఈ సూరత్‌ల నా పక్క రూంల పన్నెండేండ్లు ఉన్నడు. మగ్గం ఆగిందంటే పానా పట్టుకొని ఉరికొచ్చేటోడు. నాకు పని నేర్పింది ఆయననే. మొదటి లాక్‌డౌన్‌ల కార్ఖానలు బందయినయి. అన్న, లచ్చవదినె మూటలు నెత్తిన పెట్టుకొని నడుసుకుంట ఊరికి బయలెల్లిండ్రు. తొవ్వల ఎవడన్న గుంజుకుంటడని వదినె మెడల పసుపుతాడు ఒక్కటే ఉంచి, పుస్తెలు, కమ్మలు రూం ఎనుక జాగల పాతిపెట్టిండు. "రెండు నెలల్ల వస్తం గదా, అప్పుడు తీసుకుందం" అన్నడట.

రాలే. రెండోపారి కరోనా లేసినప్పుడు ఊర్లనే పోయిండు. నేను పోలేకపోయిన. దహనం ఫోన్ల జూసిన. ప్లాస్టిక్ సంచి, నలుగురు మనుషులు, వాళ్ల మొకాలు గూడ కనవడలే. మధ్యల నెట్ పోయింది. మళ్ల వచ్చేసరికి అంత అయిపోయింది.

నెల దాటినంక వదినె ఫోన్ జేసింది.

"మల్లేశం, అవి నేను మెడల ఏసుకునేది లేదు. గని ఆయన డబల్ డ్యూటీలు జేసి చేపిచ్చిండు. మన్నుల పడి ఉన్నయంటే నాకు ముద్ద దిగుతలేదు. జర తీసి పెట్టు."

"ఏడ పెట్టిండు వదినె?"

"ఎనుక జాగల అన్నడు. నేను లోపట మూటలు గడుతున్న, సూడలే."

గంతే. ఇగ వేరే ఏం అడగలే. "నేను జూసుకుంట, ఫికర్ జెయ్యకు" అని పెద్ద మొగోని లెక్క ఫోన్ పెట్టేసిన.

ఎనుక జాగ జూస్తే, రూముల మాలిక్ ఈ నడుమ నాలుగు ట్రాక్టర్ల మట్టి పోపిచ్చిండు. ఎక్కడని తవ్వుతం? ఆన్‌లైన్ల మెటల్ డిటెక్టర్ దొరుకుతదని ఎవడో చెప్పిండు. అన్నిట్ల సస్తది, తక్కువ పైసలది జూసి ఆర్డర్ కొట్టిన. వచ్చింది. పిల్లల ఆటసామాను లెక్కుంది! ఒకటే మీట, ఒకటే సప్పుడు. భూమి మీద పెట్టిన, కుయ్ అంది. ఇంకో అడుగు జరిపిన, కుయ్. మొదటి గుంతల మొల. రెండో గుంతల సీసా మూత. మూడో గుంతల మగ్గం స్ప్రింగు. గోడ మూలకైతే పెట్టంగనే ఆగకుంట మొత్తుకుంది. పిల్లర్ సలాకలకు మొత్తుకుంటుందని దాన్ని ఇడిసిపెట్టిన. ఏం తెలివి!

పక్కరూములోళ్లు మాస్కులు పెట్టుకొని తలుపుల కాడ నిలవడ్డరు. "ఏం ఎతుకుతున్నవే?" అంటే "తాళంచెయ్యి" అన్న. బంగారం అంటే ఊకుంటరా మరి?

పదిహేడో గుంత కాడ సప్పుడు గట్టిగ వచ్చింది. ఇదే అనుకున్న. మొక్కుకొని గడ్డపార ఎత్తి గుద్దిన. నల్లా పైపు! నీళ్లు నా మొకం మీదికి లేసినయి. మాలిక్ కాకా పైన్నుంచి ఉరికొచ్చిండు.

"అరే మల్లేశ్! తాళంచెయ్యికి పదిహేడు గుంతలా?"

మొకం తుడుసుకుంట పైపు పలిగిన కాడ తువ్వాల సుట్టవోయిన.

ఇగ మంచి మెషిన్ కావాలనిపిచ్చింది. హజీరాల పెద్ద కంపెనీల ఆఫీసరుగ జేసి రిటైరయిన మూర్తి సార్ ఉన్నడు, ఆంధ్ర ఆయన. ఆదివారాలు ఆయన కారు నేనే నడుపుత. డుమ్మస్ సముద్రం ఒడ్డున ఉంగరాలు, నాణేలు ఎతుక్కునుడు ఆయనకు సరదా. దానికోసం పేరున్న కంపెనీ మెషిన్ కొనుక్కున్నడు. సంగతి చెప్తే రెండు మెషిన్లు పక్కపక్కన పెట్టి జూపిచ్చిండు.

"చూడవయ్యా, నీది మొలకీ బంగారానికీ ఒకే అరుపు అరుస్తుంది. నాది ఆలోచిస్తుంది. లోతుకి వెళ్తుంది, తెర మీద నంబరు చూపిస్తుంది. ఇదిగో, ఇనుము వద్దని ఈ మీట నొక్కామంటే ఇక ఇనుముకి పలకదు. ఇంతకీ ఆ నగలు దేంట్లో పెట్టాడో అడిగావా?"

"గుడ్డల మూటగట్టి ఉంటడు సార్" అన్న. ఎవలు జెప్పిండ్రు నాకు? ఎవ్వలు చెప్పలే! నోటికి వచ్చింది, అనేసిన.

సార్ మెషిన్ అడుక్కొచ్చి, ఇనుము మీట నొక్కి జాగ మొత్తం తిప్పిన. మూలమూలకు తిప్పిన. ఒక్కసారే పలికింది. తవ్వితే గోలీల పట్టీ, పారాసిటమాల్‌ది. ఇంకేం లేదు. అంత ఖరీదు మెషిన్ లేదన్నదంటే లేనట్టే అనుకున్న.

వదినెకు ఫోన్ జేసిన. "లేవు వదినె." ఆమె మాట్లాడలే. "హలో" అన్న. సప్పుడు లేదు. ఆ ఊకుండుడు నేను ఓర్సుకోలేకపోయిన. నేనన్న నోరు మూసుకొని ఉండొచ్చు గదా? ఉండలే, అనేసిన.

"అన్న పాతలేదేమో వదినె. ఏదన్న అవసరం వడి అమ్ముకున్నడేమో. నీకు చెప్పనీకి మొకం చెల్లక..."

ఫోన్ కట్ అయింది.

నాలుగో దినం పొద్దుగాల తలుపు కొట్టిండ్రు. తీస్తే వదినె. రైలు దిగి సీదా వచ్చింది. సగమైంది మనిషి. మాస్క్ తియ్యలే, నీళ్లిస్తే తాగలే. ఎనుకకు పోయి ఆ గుంతలన్ని జూసింది.

"నా మనిషి నాతోని అబద్ధమాడలే మల్లేశం. ఏడ ఎతికినవో జూపియ్యి."

జూపిచ్చిన. సార్ మెషిన్ ఎంత గొప్పదో గూడ చెప్పిన. బుద్ధి లేకుంట, సంజాయిషీ లెక్క. మొల వచ్చినా పలకదు, ఇనుమంటే లెక్కనే జెయ్యదు అని చెప్తున్న. ఆమె నా దిక్కు తిరిగింది.

"ఇనుముకు పలకదా? ఆయన పానాల డబ్బాల పెట్టిండు గదా. మందం ఇనుప డబ్బా. అందుల పానాలు తీసి నేనే ఇచ్చిన."

నేను ఇడిసిపెట్టిన గోడ మూల యాదికొచ్చింది.

లోపటికి ఉరికి ఆ సస్త మెషిన్ తెచ్చిన. గోడ మూలకు పెట్టిన, మొత్తుకుంది. రెండు జానలు తవ్విన. గడ్డపార టంగుమంది. వదినె నన్ను జరగమని చేతులతోనే మన్ను తీసింది. డబ్బా తుప్పు వట్టింది గని మూత గట్టిగనే ఉంది. తీస్తే మగ్గం మీది తెల్లగుడ్డ, గుడ్డల పుస్తెలు, కమ్మలు. ముడి అన్న ఏసిందే. మగ్గం ముడి, నాకు గూడ ఆయననే నేర్పిండు.

వదినె ఏడ్వలే. కొంగుల గట్టుకుంది.

"నన్ను ఎన్నన్న అను, పడ్త. సచ్చినోడు వచ్చి జవాబు చెప్తడా మల్లేశం?" అన్నది. అదే దినం రైలెక్కింది. టేషన్ కాడ కాళ్లు మొక్కవోతే ఎనుకకు జరిగింది.

గిది కథ. ఇగ యాదగిరి, నువ్వు పొద్దున్నుంచి అడుగుతున్నవు గదా, ఏ మెషిన్ మంచిది, సస్తదా పిరందా అని? రెండూ మంచియే రా! ఒకటి ఉన్నదని మొత్తుకున్నా నేను ఇనలే. రెండోది నేను నొక్కిన మీటకు తగ్గట్టే పనిజేసింది. గా "దేంట్ల పెట్టిండు" అనే మాట అడగనీకి ఒక్క రూపాయి ఖర్సు లేకుండె. నేను మాత్రం పదిహేడు గుంతలు తవ్వి, పైపు పలగ్గొట్టి, ఒక పాపం ఎరుగని మనిషిని దొంగను జేసిన.