రెండో లెమ్మా దగ్గర లేచిన చెయ్యి

మా వైపు సదస్సుల్లో ప్రశ్న అడగడమంటే తప్పు పట్టడమే. మాట్లాడింది పెద్దవాడైతే అడగడం అమర్యాద. చిన్నవాడైతే వాడి పరువు తీయడం. కాబట్టి ఎవరినీ ఎవరూ ఏమీ అడగరు. చప్పట్లు, టీ, వందన సమర్పణ, అంతే. ఈ మర్యాద మీద నాకున్న కోపం ఎనభైల మొదట్లో తిరుపతిలో జరిగిన ఒక చిన్న గణిత సదస్సు నాటిది. ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

అప్పట్లో నేను చిత్తూరులో ఒక కాలేజీలో లెక్కల లెక్చరర్ని. సెలవు రోజుల్లో బస్సెక్కి తిరుపతి వెళ్ళి, అక్కడి యూనివర్సిటీలో మ్యాథ్స్ హెడ్డు గారి దగ్గర పీహెచ్‌డీ చేసేవాడిని. ఆయనది డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. నాది గ్రూపాయిడ్లు, ఆపరేటర్ ఆల్జీబ్రాలు. “నీది నాకు అర్థం కాదబ్బయ్యా, అయినా సేసుకో. సంతకం నేను పెడతా” అని మొదటి రోజే చెప్పిన మంచి మనిషి. ఎవరూ నన్ను చేర్చుకోకపోతే ఆయన చేర్చుకున్నారు.

గ్రూపాయిడ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. చిత్తూరు నుంచి పాకాలకు ఒక బస్సు, పాకాల నుంచి తిరుపతికి ఇంకో బస్సు ఉంటే రెండూ కలిసి ఒక ప్రయాణం. మొదటిది దిగిన చోటే రెండోది ఎక్కాలి. పాకాలలో దిగినవాడు పీలేరులో ఎక్కలేడు. పోయిన ప్రతి బస్సుకూ తిరుగు బస్సు ఉండాలి. అలా, అన్నిటినీ కాక కలిసేవాటినే కలిపే లెక్క అది. దాని నుంచి ఒక ఆల్జీబ్రాను కట్టవచ్చు. కట్టిన ఆల్జీబ్రాను మాత్రమే చేతికిస్తే, అది ఏ గ్రూపాయిడ్ నుంచి వచ్చిందో వెనక్కి వెళ్ళి కనుక్కోగలమా? ఒక రకం వాటికి కనుక్కోగలమని నేను నిరూపించాను. నిరూపించాననుకున్నాను. దానికి మూడు లెమ్మాలు, అంటే మూడు మెట్లు. రెండోదే అసలు మెట్టు. అది నిలిస్తే థీసిస్ నిలుస్తుంది, లేకపోతే నాలుగేళ్ళ చాకిరీ నేలపాలు. చదివి ఔననో కాదనో చెప్పగల మనిషి మా జిల్లాలోనే లేడు.

అలాంటి మనిషి ఒకరు మద్రాసులో ఉండేవారు. ఆ ప్రొఫెసరు గారు ఒక్క రోజు వచ్చిపోతానన్నారు. ఆయన షరతు ఒకటే. ఉపన్యాసాలు వద్దు, బోర్డు చుట్టూ పదిహేనుమంది కూర్చుని మాట్లాడుకుందాం, ఎవరికి ఎప్పుడు అనుమానం వస్తే అప్పుడే అడగాలి. హెడ్డు గారు సరేనన్నారు. సరేనని హాలు ముందు షామియానా వేయించారు, దీపం వెలిగించడానికి ఒక ముఖ్య అతిథిని కూడా పిలిచారు. మన పూర్వీకులకు తెలియని లెక్క లేదని ఆ ముఖ్య అతిథి టిఫిన్ అరిగేదాకా చెప్పారు. నాకిస్తామన్న గంట కాస్తా అరగంటయింది.

పళ్ళు నూరుకుంటూ బోర్డు దగ్గరికి వెళ్ళాను. రెండో లెమ్మా రాసి ఇటు తిరిగేసరికి మద్రాసు ప్రొఫెసరు గారు కళ్ళద్దాలు తీసి, నుదురు చిట్లించి బోర్డునే చూస్తున్నారు. కుడి చెయ్యి భుజం దాకా లేచింది. “ఒక్క నిమిషం, అక్కడ...” అన్నారు. నాలుగేళ్ళుగా నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. సుద్దముక్క పట్టుకుని ముందుకు వంగాను కూడా.

అంతలో హెడ్డు గారు లేచి నిలబడ్డారు. ఆయనకు అది ప్రశ్న అడగడానికి లేచిన చెయ్యిలా కనబడలేదు, తన పిల్లవాడి మీదికి లేచిన చెయ్యిలా కనబడింది. “మా పిల్లోడు శానా కష్టపడినాడు సార్. ఏమన్నా ఉంటే టీ కాడ మాట్లాడుకుందాం” అన్నారు నవ్వుతూ. ప్రొఫెసరు గారు మర్యాదస్తులు, చెయ్యి దించేశారు. మిగిలింది ముగించగానే నాకు శాలువా కప్పారు. తిరుపతి ఎండాకాలంలో ఉన్ని శాలువా. “బాగా సెప్పినావప్పా” అంటూ చుట్టూ చేరినవాళ్ళలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదని నాకు తెలుసు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఏమిటో ఆ కొండ కిందే తెలిసింది.

టీ దగ్గరైనా పట్టుకుందామనుకున్నాను. తిరుపతికి వచ్చిన అతిథిని దర్శనం చేయించకుండా పంపితే హెడ్డు గారికి తల కొట్టేసినట్టు. జీపు సిద్ధంగా ఉంది. నేను గ్లాసు పట్టుకుని జనాన్ని తప్పించుకుని వెళ్ళేలోపు ప్రొఫెసరు గారిని అందులో కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి కుటుంబం కూడా ఎక్కింది కాబట్టి నాకు చోటు లేదు. మిగతావాళ్ళు దొరికిన బస్సెక్కి కొండకు పోయారు. హాల్లో ఖాళీ బెంచీలు, బోర్డు మీద నా లెమ్మా, నేను మిగిలాం.

సాయంత్రం స్టేషన్‌కు పోయి కాచుకున్నాను. మద్రాసు రైలు కదలబోయే ముందు ఆయన వచ్చారు. గుండు చేయించుకుని, గంధం పూసుకుని, చేతిలో లడ్డూలతో ఉంటే మొదట గుర్తుపట్టలేదు. ఆయనెక్కిన పెట్టె కిటికీ దగ్గరికి పరుగెత్తి, “పొద్దున రెండో లెమ్మా కాడ ఏదో అడగబోయినారు సార్” అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించారు.

“ఏదో తట్టిందయ్యా, అది నిజం. ఆ క్యూ, ఆ తోపులాట, స్వామిని చూడటం... అంతా పోయింది. గుర్తు రావడం లేదు” అన్నారు. కిటికీలోంచి ఒక లడ్డూ ఇచ్చారు. ప్రసాదం కాబట్టి కళ్ళకద్దుకున్నాను, లేకపోతే పట్టాల మీదికి విసిరేసేవాడిని.

మర్నాడు హెడ్డు గారికి సంగతి చెప్పాను. ఆయన ముఖం విచ్చుకుంది.

“సూసినావా. తప్పుంటే అంత పెద్దాయన మరిచిపోతాడా? థీసిస్ ఇచ్చెయ్.”

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ప్రేమతో గొంతు నొక్కే మనిషిని ఏమని తిట్టాలి? నోరు మూసుకుని వచ్చేశాను. థీసిస్ మాత్రం ఇవ్వలేదు. అందుకు ఆయన చాలా నొచ్చుకున్నారు. లెమ్మా మొత్తం కాపీ చేసి మద్రాసుకు పంపితే, తీరిగ్గా చూస్తానని ఒక కార్డు వచ్చింది. ఆ తీరిక ఆయనకు రానే లేదు.

హెడ్డు గారి మాట తప్పని తేల్చడానికి నాకు మూడేళ్ళు పట్టింది. కాలేజీలో పరీక్షల డ్యూటీలో, ఫ్యాను తిరగని గదిలో నిలబడి ఉండగా దొరికింది. ఏ రెండు బిందువులనైనా, ఎంత దగ్గరగా ఉన్నా, నడుమ గీత గీసి విడదీయవచ్చని నన్ను నేను అడక్కుండానే ఒప్పేసుకుని రాశాను. నా గ్రూపాయిడ్లలో కొన్నిటిలో ఆ గీత గీయలేం. రెండో మెట్టు లేదు. మొదట సంతోషం వేసింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ రోజు ప్రొఫెసరు గారికి తట్టింది ఇదేనో, ఇంకోటో. అడుగుదామంటే ఆయన అప్పటికి లేరు.

రిటైరైన హెడ్డు గారి ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన చాలాసేపు విన్నారు. లేచి, వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు.

“ఎవురికీ సెప్పలేదు గదా?”

“లేదు సార్.”

“సెప్పబాక. నిన్నెవురడగతారు?”

ఆయన అన్నది నిజమే. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.