హాల్లో స్పీకర్లకు రెండో జత వైర్లు

ఫిబ్రవరి రెండో ఆదివారం, ఉదయం పదకొండు. హిందూపురంలో మా ఇల్లు. హాజరు: నేను, నా భార్య, ధర్మవరంలో పట్టుచీరలు నేసే బావమరిది, పెనుకొండ నుంచి వచ్చిన మిత్రుడు. ఈ మిత్రుడు నా కింద పనిచేసి రిటైరయ్యాడు. నా మాట ఇప్పటికీ కాదనడు.

ఆ రోజు తేలవలసినది డైరీలో ముందే రాసి పెట్టాను. నా రెండు పొడుగు స్పీకర్లు హాల్లోనే ఉండాలంటే, నేను చేయబోయే మార్పుతో పాట మెరుగైనట్టు నా భార్యకు వినిపించాలి. వినిపించకపోతే అవి పరుపులు పెట్టే చిన్న గదికి పోతాయి. ఆ చోటికి ఆమె కుట్టుమిషను వస్తుంది.

మార్పు పేరు బై-ఆంపింగ్, అంటే ఒక్కో స్పీకరుకు రెండింతల కరెంటు పంపడం. ఒక్కో స్పీకరులో సన్నని స్వరాలకు చిన్న గుండ్రం, బరువైన మోతకు పెద్ద గుండ్రం ఉంటాయి. వెనక ఆ రెంటినీ కలిపే ఇత్తడి పట్టీ తీసేసి, పాటను స్పీకర్లకు పంపే రిసీవరు పెట్టెలో వాడకుండా పడి ఉన్న చానళ్ల నుంచి చిన్నదానికి వేరే వైరు లాగాలి. వైర్లు తారుమారు కాకుండా బావమరిది తెచ్చిన రంగురంగుల పట్టుపోగులు గుర్తుగా కట్టాను. గంటన్నర పట్టింది.

పాట పెట్టాను.

"మోత చూడండి సార్, గుండెకు తగులుతాండాది!" అన్నాడు పెనుకొండ మిత్రుడు.

నేనూ తృప్తిగా తల ఊపాను.

"మోత సరేనండీ, పాడే ఆయమ్మ యాడికి పోయింది? దుప్పటి ముసుగేసుకొని పాడినట్టుండాది" అంది నా భార్య.

బావమరిది లేచి చిన్న గుండ్రానికి చెవి ఆనించాడు. మగ్గం చప్పుడులో చిన్న తేడా వచ్చినా పట్టేసే మనిషి. "బావా, ఇది పలకడమే లేదు. ఊరికే కూర్చోనుండాది."

వైర్లన్నీ సరిగానే ఉన్నాయి. ఆ ఖాళీ చానళ్లను ముందు స్పీకర్లకు మళ్లించమని రిసీవరు మెనూలో చెప్పడమే మరిచాను. ఆ ఒక్కటీ మార్చగానే ఆయమ్మ గొంతు తిరిగొచ్చింది.

"ఆహా, ఇప్పుడు ఇంకా బాగుండాది సార్!"

"నువ్వుండప్పా, ఇందాకా బాగుందనే అంటివి" అని నా భార్య మిత్రుడి నోరు మూయించి, కళ్లు మూసుకొని పాటంతా విన్నది. "నిన్న కూడా ఇట్లే పాడ్తా ఉండె గదండీ."

దిక్కుతోచక బావమరిది వైపు చూశాను.

"అబద్ధం చెప్పమంటావా బావా?"

ఓడిపోయానని డైరీలో రాసి కింద సంతకం పెట్టాను.

మరునాడు ఉదయం ఇద్దరం స్పీకర్లు మోసుకుపోయాం. "మెల్లగండీ, లోపల రెండింతల కరెంటుండాది" అని ఆమె దారి పొడుగునా నవ్వింది. చిన్న గదిలో అన్నీ అమర్చి అదే పాట పెట్టాను. గోడలకు ఆనించిన పరుపుల మధ్య ఒక్క మాట కూడా మారుమోగలేదు. ఆమె వంటింట్లోంచి గరిటెతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమండీ, ఇప్పుడు తెలుస్తాండాది తేడా! మీరు నిన్న పడిన పాటు ఊరికే పోలేదు."

ఆ గదిలో ప్లగ్గున్న మూల నుంచి స్పీకర్లకు రెండో జత వైర్లు అందలేదు. పాట పెట్టకముందే ఇత్తడి పట్టీలు మళ్లీ బిగించి, పాత ఒక్క జతతోనే పాడిస్తున్నాను. ఆ సంగతి డైరీలో రాశాను. ఆమెకు మాత్రం చెప్పలేదు.